తమలపాకు రేకు

1926 నవంబరు 9, మంగళవారం

ఆడపిల్ల పుట్టింది! నాకు, ఈ యోనాకు, అరవై మూడో ఏట ఆడపిల్ల పుట్టింది! పొద్దు పొడిచే వేళకు పుట్టింది. నేను బయట మంచులో నిలబడి ఉన్నాను. ఏడుపు వినబడగానే మోకాళ్ల మీద పడ్డాను. ప్రార్థన అయ్యాక లేవలేకపోయాను. మంత్రసాని యర్రమ్మ బయటికి వచ్చి చెయ్యి అందించింది.

"కన్నది ఆయమ్మా, నువ్వా? నువ్వు పడిపోనావేటి?" అంది.

ఎంత జుట్టు! ఎంత పొడుగు వేళ్లు! దోసకాయ గింజల్లాంటి గోళ్లు. సవరమ్మ చెమటలో తడిసి పడుకుని ఉంది. "సంతోసవేనా అయ్యా? మగబిడ్డ కాదు మరి" అంది. సంతోషమా అని నన్ను అడుగుతోంది! పెళ్లయిన ఏడేళ్లకు కదా. రెండు కడుపులు నిలవక పోయాక కదా. దేవుడు నా ఇంటి గుమ్మం దాకా వచ్చి ఇచ్చి వెళ్లాడు.

ఈ పుస్తకం రేంజరు దొర ఇక్కణ్ణించి బదిలీ అయి వెళ్తూ నాకు ఇచ్చినది. ఏ రోజు ఏట్లో నీరు ఎలా ఉంది, దొరల గాలానికి ఎరగా ఏ రేకు కట్టాం, ఏ చేప పడింది, ఇవే రాస్తూ వచ్చాను. మిషను బడిలో చదివిన మూడో తరగతి చదువు అంతకంటే దేనికీ చాలదు. ఈ రోజు మాత్రం ఏటికి వెళ్లలేదు. ఈ రోజు పేజీ నా కూతురిది.

నవంబరు 10

ఉపదేశి అహరోనుగారు వచ్చి ప్రార్థన చేశారు. సంఘంలో పది మంది వచ్చారు. ఇరవై ఎనిమిదో తారీకు కోత పండుగ. ఆ రోజే పాపకు బాప్తిస్మం ఇస్తారట. అందరూ తొలి పంట తెచ్చి బల్ల మీద పెడతారు. ఒకరు చోళ్లు అన్నారు, ఒకరు సామలు, ఒకరు గుమ్మడికాయ.

నాకు చేను లేదు. నాకున్నది ఏరే. లేచి నిలబడి అందరి ముందూ చెప్పేశాను: "ఈ ఏడు వరద తీసినాక నా గాలానికి పడే మొదటి సేప దేవుడిది. ఆ బల్ల మీద పట్టనంత సేప తెస్తాను సూడండి!"

అందరూ నవ్వారు. అహరోనుగారు కూడా నవ్వి, "పెద్దయ్యా, దేవుడేమన్నా తక్కెడ పట్టుకుని కూర్చున్నాడా?" అన్నారు.

"ఆయన పట్టకపోతే నాను పడతాను బాబూ" అన్నాను.

బంధువులకు కబుర్లు పండుగ అయ్యాకే పంపుతాను. పాపకు పేరు పెట్టాక, చేప సంగతీ పాప సంగతీ కలిపి చెబుతాను. అప్పుడు బాగుంటుంది.

నవంబరు 12

పాలు రాలేదు. మూడు రోజులైంది. పాప చీకుతుంది, ఏడుస్తుంది, అలిసి నిద్రపోతుంది.

యర్రమ్మ రొమ్ములకు వేడి గుడ్డ కాపడం పెట్టి, నన్ను బయటికి పిలిచింది. "పచ్చి సేప పులుసు పడాల. ముక్కలు కాదు, ఆ నీల్లే. సిన్న సేపలైతే మరీ మంచిది. రెండు పూటలు తాగిందంటే పాలు దిగుతాయి."

"సంతలో ఎండు సేప దొరుకుతాది, తేనా?" అన్నాను.

"ఉప్పు సేప బాలింతకేటి? ఒళ్లు పొంగిపోద్ది. నీ పక్కనే ఏరు. గాలం నీ సేతిలో ఉంది. నన్నడుగుతావేటి?"

నిజమే. ఈ ఏటి మీద నా కంటే బాగా గాలం తెలిసినవాడు ఎవడున్నాడు? రేపే బయల్దేరతాను.

నవంబరు 13

పొద్దున్నే రేకుల పెట్టె తీశాను. పాత ఇత్తడి చెంబు కోసి, సుత్తితో లొత్త కొట్టి, చింతపండుతో తోమి నేను చేసుకున్న రేకులు. నీటిలో గిరగిరా తిరుగుతూ చేపపిల్లలా మెరుస్తాయి. వాటికి దొర నంబర్లు చెప్పేవాడు, నేను ఆకుల పేర్లు పెట్టుకున్నాను. చింతాకు రేకు, కరివేపాకు రేకు, జామాకు రేకు, అన్నిటికంటే పెద్దది తమలపాకు రేకు.

వరద తీసిన కొత్తలో ఏది కట్టాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కరివేపాకు. వానల్లో పొదిగిన చేపపిల్లలు ఇప్పటికి అంగుళం దాటవు. పెద్ద చేప పగలంతా వాటినే మేస్తుంటుంది. దాని కంటికి అలవాటైన కొలతే చూపించాలి. నీరు చల్లగా ఉన్నప్పుడు అది పెద్ద ఎర వెంట పరుగెత్తదు. తమలపాకు రేకు మాఘం దాటాక. ఈ ముక్క చెప్పి ఎంతమంది దొరల చేత రేకు మార్పించానో!

కానీ కరివేపాకు కడితే ముందు చిన్నవి పడతాయి. బెత్తెడువి, జానెడువి. మొదట పడింది దేవుడిది అన్నాను కదా. బెత్తెడు చేప తీసుకెళ్లి గుమ్మడికాయల మధ్య పెట్టనా? తమలపాకు రేకును చిన్న చేప నోట పట్టలేదు. దానికి పడితే పెద్దదే పడుతుంది. అది దేవుడికి. ఆ వెంటనే కరివేపాకు కట్టి సవరమ్మకు ఎన్ని కావాలంటే అన్ని తీస్తాను. ఒక్క పూట తేడా.

నీరు: బెల్లం నీళ్ల రంగు. రేకు: తమలపాకు. చేప: లేదు.

నవంబరు 14

ఆదివారం. ఏటికి వెళ్లలేదు.

నవంబరు 15

నీరు: కాస్త తేరుకుంది. రేకు: తమలపాకు. చేప: లేదు.

సుక్రు తన దోనె ఒడ్డుకు లాగి, తలకింద చెయ్యి పెట్టుకుని దానిలో పడుకుని నన్నే చూస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా దొరల్ని దోనెలో తిప్పింది అతనూ నేనూ కలిసే.

"బావా, కళ్లు కనబడటం లేదేటి? ఆ పళ్లెం కట్టినావు" అన్నాడు.

"తెలిసే కట్టినాన్రా."

"ఇంటి కాడ బాలింత ఆకలి మీదుంటే?"

మొదటి చేప సంగతి చెప్పాను. సుక్రు లేచి కూర్చున్నాడు. వాళ్ల ఊరి పూజారి ఏటికి కోడి కోసేదాకా ఎవరూ చేపల బుట్టలు దించకూడదు. దానికి ఇంకా పది రోజులుంది. లేకపోతే అతనే పట్టి ఇచ్చేవాడు.

"మాకు పూజారి అడ్డం. అవన్నీ ఒగ్గేసి గుడిలో కలిసినావు గదా, నీకేటి అడ్డం?" అన్నాడు.

"మాట ఇచ్చినాను."

"అయితే మీ దేవుడికీ మా ఏటికీ తేడా ఏటి బావా? ఇద్దరూ ఆకలి మీదున్నారు." అని పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. తర్వాత నవ్వాను.

నవంబరు 16

నీరు: తేట. రేకు: తమలపాకు. చేప: లేదు.

పాపకు పంచదార నీళ్లలో గుడ్డ ముంచి చీకిస్తున్నారు. నా చిటికెన వేలు పట్టుకుంటే వదలదు. ఎంత బలమో!

నవంబరు 17

నీరు: తేట. రేకు: తమలపాకు. చేప: లేదు.

చేతులు మంచు గడ్డలయ్యాయి. బేగి వచ్చేశాను.

నవంబరు 18

సవరమ్మ ఒళ్లు వెచ్చగా ఉంది. ఈ చలికి వెచ్చగా ఉంటే మంచిదే. కుంపటి దగ్గర పడుకుంది కాబట్టి అలా ఉంది. మాట్లాడుతోంది. పాప ముక్కు నాదట, పాపం, ఏం చేస్తాం అంటోంది.

నీరు: తేట. రేకు: తమలపాకు. పెద్దది ఒకటి వెంట వచ్చింది. రేకు దగ్గరికి వచ్చి, చూసి, తిరిగి వెళ్లిపోయింది. తట్టంత తోక. ఉంది, అక్కడే ఉంది. రేపు.

నవంబరు 19

లేదు.

నవంబరు 20

పాప ఏడవడం మానేసింది. మెలకువగా ఉండి కూడా ఏడవడం లేదు. యర్రమ్మ నన్ను అడగలేదు. నేరుగా వెళ్లి సుక్రు భార్యను పిలుచుకు వచ్చింది. ఆమెకు అయిదు నెలల పిల్లవాడున్నాడు. ఆమె గోడకు చేరబడి కూర్చుని పాపను ఒళ్లోకి తీసుకుంది. మొదట చీకలేదు. ఆమె పాలు పిండి పెదవుల మీద రాసింది. తర్వాత ఆ చప్పుడు! గుటకల చప్పుడు! స్తోత్రం, స్తోత్రం! నేను వాకిట్లో అటూ ఇటూ తిరిగాను. కనబడిన ప్రతివాడికీ చెప్పాను, తాగుతోంది, తాగుతోంది అని.

లోపలికి వచ్చేసరికి సవరమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఎవలి పాలైతే ఏటి అయ్యా, తాగనీ" అంది. కాసేపటికి, "లిదియాకి కబురు పెట్టినావేటి?" అని అడిగింది. లిదియా నా మొదటి భార్య కూతురు. సవరమ్మ కంటే రెండేళ్లు పెద్దది. నర్సీపట్నంలో ఉంటుంది. ఏడేళ్లుగా మాటల్లేవు.

"పండగయ్యాక" అన్నాను.

"ఇప్పుడే పెట్టు. వస్తాది."

చెయ్యి పట్టుకున్నాను. కుంపటి దగ్గర లేదు. అయినా కాలుతోంది.

నవంబరు 21, ఆదివారం

ఆరాధన అయ్యాక అహరోనుగారు ఇంటికి వచ్చారు. సవరమ్మను చూసి బయటికి వచ్చారు. డోలీ కట్టి కొండ దిగువకు ఆసుపత్రికి మోసుకెళ్దామా అని యర్రమ్మను అడిగారు. "నాలుగు రోజుల దారి. దారిలోనే పోద్ది" అంది యర్రమ్మ.

"పులుసు ఇచ్చారా?" అని ఆయన నన్ను అడిగారు.

"ఇంకా మొదటి సేప పడలేదు బాబూ."

"ఏటి నిండా చేపలుండగా ఇన్ని రోజుల్లో ఒక్కటి పడలేదా?"

రేకు సంగతి చెప్పక తప్పలేదు. ఆయన నా కంటే ముప్పై ఏళ్లు చిన్నవాడు. నా మీద ఎప్పుడూ గొంతు ఎత్తలేదు. ఈ రోజు ఎత్తారు.

"పెద్దయ్యా! ఆ బల్ల మీద మీ చేప ఉందో లేదో చూసేది దేవుడు కాదు, మేం. మా ముందు గొప్పకోసం ఆవిణ్ణి పస్తు పెడతారా? ఆ మాట నేను కొట్టేస్తున్నాను. వినబడిందా? కొట్టేశాను. ఇప్పుడే ఏటికి వెళ్లండి."

"ఈ రోజు ఆదివారం" అన్నాను.

"నేనే చెబుతున్నాను కదా, వెళ్లండి."

వెళ్లలేదు. గుడిలో కలిసినప్పటినుంచి ఒక్క ఆదివారం గాలం వేయలేదు. ఇప్పుడు, దేవుడితో ఇంత పని ఉన్న వేళ, ఆయన రోజు పాడు చేయడానికి భయమేసింది. రేపు తెల్లవారుతూనే వెళ్తాను. ఒక్క రోజే కదా.

నవంబరు 22

నీరు: తేట. రేకు: కరివేపాకు. చేప: మూడు.

పొద్దు కొండ దాటకముందే మూడు. జానెడువి రెండు, బెత్తెడుది ఒకటి. గాలం వేయడం ఆలస్యం, పట్టుకున్నాయి. ఆ రాతి కింద, ఆ సుడిలో, ఇన్నాళ్లూ నా కాళ్ల దగ్గరే తిరుగుతున్నాయి. తుండులో మూటగట్టుకుని పరుగెత్తాను. నా వయసువాడు ఆ గట్టు ఎక్కుతూ పరుగెత్తడం చూసి వలిసె చేలో ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు.

యర్రమ్మ మిరియాలు వేసి పులుసు కాచింది. నేనే పట్టాను. నాలుగు గుక్కలు తాగింది. "ఉప్పు తక్కువైనాది" అంది. ఎంత బాగుంది ఆ మాట వినడానికి! ఉప్పు సంగతి తెలుస్తోందంటే కోలుకుంటున్నట్టే కదా.

ఇంకొకటి రాయాలి. ఇది నా పుస్తకం. ఇందులో దొరల కోసం కూడా ఎప్పుడూ అబద్ధం రాయలేదు. పదిహేడో తారీకున "చేప: లేదు" అని రాశాను. పడింది. అరచెయ్యంత చేప, ఆశపోతు, తన తలంత ఉన్న తమలపాకు రేకును ఎలా పట్టిందో మూతి అంచున తగులుకుంది. చేతిలో పెట్టుకుని చూశాను. అది మొదటి చేప. తీసుకెళ్తే బల్ల మీద పెట్టాలి. వండితే మాట తప్పినట్టు. గాలం ఊడదీసి నీటిలో వదిలేశాను. అప్పుడు సవరమ్మకు జ్వరం లేదు.

నవంబరు 23

నీరు: తేట. రేకు: కరివేపాకు. చేప: ఒకటి.

అదే. తట్టంత తోకది. పులుసుకు చిన్నవి పట్టుకుందామని వేస్తే వచ్చి ఆ చిన్న రేకును పట్టింది. సుక్రు దోనెలో దాని వెంట రెండు మలుపులు వెళ్లాం. సుక్రు అరుస్తూనే ఉన్నాడు, "ఒగ్గీ బావా, దారం ఒగ్గీ! ఇప్పుడు లాగు!" అని. ఒడ్డున పడేశాక ఇద్దరం పక్కన కూలబడ్డాం. ఒక్కొక్క పొలుసు రూపాయి బిళ్ల కంటే పెద్దది, కంచు రంగు. ఇంత చేప దొరలతో కూడా నేను చూడలేదు.

సుక్రు దాన్ని చూసి, నన్ను చూసి, "దీని కోసమేనా?" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు.

ఇంటికి తెచ్చి సవరమ్మ మంచం పక్కన చాప మీద పరిచాం. పాపను తెచ్చి దాని పక్కన పెట్టి చూపించాను. చేపే పొడుగు. సవరమ్మ తల తిప్పి చూసింది.

"వోలమ్మో, మన గుంట కంటే పెద్దది" అని నవ్వింది. నవ్వింది! పళ్లు కనబడేలా నవ్వింది. తల ముక్క పులుసు పెట్టించాను. రెండు గుక్కలు.

నవంబరు 24

మాట్లాడటం లేదు. పాపను పక్కలో పెడితే చెయ్యి కదిపింది.

చేపను పొగ మీద వేలాడదీశాను.

నవంబరు 25

సవరమ్మ పోయింది. పొద్దున్న, పాప పుట్టిన వేళకే.

నవంబరు 26

సమాధి చేసి వచ్చాం. నేల గట్టిగా ఉంది. సుక్రు, ఇంకో నలుగురు తవ్వారు. తవ్వినవాళ్లకు అన్నం పెట్టాలి. ఇంట్లో ఆ చేప తప్ప ఏమీ లేదు, పొగ మీద పెట్టినా అంత చేప పండుగ దాకా నిలవదు. దించి కోయించాను. అందరికీ సరిపోయి మిగిలింది.

చేతులు కడుక్కునే దగ్గర యర్రమ్మ నా పక్కన నిలబడింది. "అది పురిటి జొరం రా. సేప తెచ్చినా వచ్చేదే. నీ తప్పేటి లేదు" అంది.

నిజంగా అంతేనా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆమె మొహం చూస్తే అబద్ధం చెబుతుందో నిజం చెబుతుందో నాకు తెలిసిపోతుంది.

నవంబరు 28, ఆదివారం

కోత పండుగ. చోళ్లు, సామలు, కంద, నాలుగు గుమ్మడికాయలు. నేను బల్ల మీద ఏమీ పెట్టలేదు. పాపను ఎత్తుకుని ముందుకు వెళ్లాను. అహరోనుగారు పేరు అడిగితే, సవరమ్మ అనుకున్న పేరే చెప్పాను, కృపమ్మ అని. నీళ్లు నెత్తిన పడగానే గుడి అదిరిపోయేలా ఏడ్చింది. అంత గొంతు ఎక్కడిది దానికి! సుక్రు భార్య వాకిట్లో నిలబడి ఉంది, లోపలికి రాలేదు. ఆ ఏడుపు వినగానే ఆమె రవిక తడిసిపోయింది. నేను ఏడుస్తూ నవ్వాను. నా కూతురు బతికింది. బతుకుతుంది. దేవుడా, ఈ సంతోషాన్ని ఎక్కడ పెట్టుకోను, ఇంకొకదాని పక్కన దీనికి చోటు ఎలా చేయను?

నవంబరు 29

ఇప్పటిదాకా ఎవరికీ కబురు పంపలేదు. రెండూ కలిపి చెబుదామనుకున్నాను. ఇప్పుడు కలిపే చెప్పాలి. ఎవరికి ఏది ముందో మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

సవరమ్మ తల్లి, హుకుంపేట. అహరోనుగారు స్వయంగా వెళ్తానన్నారు. ముందు పాప సంగతి చెప్పమన్నాను. ముసలమ్మను కూర్చోబెట్టి, ఆమె కడుపారా నవ్వాక రెండోది. నవ్వకముందు వద్దు.

సవరమ్మ తమ్ముడు విశ్వాసం, మారేడుమిల్లి అడవిలో వెదురు నరికే కూపులో. ఉత్తరం. వాడు మొదటి వరుస పదిమందిలో పైకి చదువుతాడు. కాబట్టి మొదటి వరుసలో ఏమీ ఉండకూడదు, క్షేమం అని తప్ప.

మా అక్క, బొబ్బిలి దగ్గర. ఆమెకు ఎనభై దాటాయి, నాకు రెండో పెళ్లి అయిందనే గుర్తు లేదు. ఆడపిల్ల పుట్టింది అని మాత్రం చెప్పాలి. ఒక్కరైనా సంతోషంగా మాత్రమే వినాలి.

మా పెద్దబ్బాయి మామగారు వరహాలరావుగారు, పాడేరు. మా అబ్బాయి పోయినప్పుడు ఆయనే అందరికీ చెప్పాడు. ఆయనకు చెబితే ఆ వైపు అందరికీ చెబుతాడు.

నా పెద్ద కూతురు లిదియా, నర్సీపట్నం. ఉత్తరం రాస్తే చింపేస్తుంది. నేనే వెళ్లాలి. పాపకు నెల నిండాక వెళ్తాను, సుక్రు భార్య కూడా దారిలో పాలివ్వడానికి వస్తానంది. లిదియాకు అన్నీ చెప్పాలి, పదిహేడో తారీకు చేప సంగతితో సహా. నాకు అరవై మూడు. తన తల్లి ఎలా పోయిందని ఈ పాప అడిగేనాటికి నేను ఉండను, నిజం తెలిసినవాళ్లు ఒకరుండాలి. పోయినసారి వెళ్తే నా మొహం చూసి తలుపు వేసేసింది. ఈసారి నోరు విప్పకముందే పాపను ఆమె చేతుల్లో పెట్టేయాలి. చేతుల్లో పిల్ల ఉంటే తలుపు వేయలేదు.